కార్నియాను ప్రింటు తీస్తున్నారట, నిజమేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేత్రదానం గురించి మాట్లాడటానికి ఏ ఊరు వెళ్ళినా ఈ మధ్య ప్రశ్నల తీరు మారింది. మునుపు "కళ్ళు తీస్తే ముఖం పాడవుతుందా?" అని అడిగేవారు. ఇప్పుడు "హైదరాబాదులో కార్నియాను ప్రింటు తీస్తున్నారట కదా, ఇక దానాలెందుకు?" అంటున్నారు. కార్నియా అంటే కంటికి ముందుండే పారదర్శకమైన పొర. పత్రికలో చదివిన వార్తను కత్తిరించి జేబులో పెట్టుకుని, అదే చికిత్స కావాలని ఆసుపత్రుల చుట్టూ తిరిగినవారిని చూశాను. ప్రయోగశాలలో ఉన్నదేదో, ఆసుపత్రిలో ఉన్నదేదో విడదీసి చెప్పేవారు వారికి దొరకలేదు. ఆ పని చేయడానికే ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చాను. నేను వైద్యుడిని కాను, నేత్రదాన కార్యకర్తను. మీ కంటి విషయంలో చివరి మాట మీ కంటి డాక్టరుదే.

## మొదటి సందేహాలు

మా నాన్నగారి కంట్లో పువ్వు పడిందన్నారు. అది శుక్లమేనా?

కాదు. శుక్లం అంటే కంటి లోపలున్న సహజమైన కటకం మసకబారడం. దాన్ని తీసి కృత్రిమ లెన్సు పెడతారు. పువ్వు పడేది కంటికి అన్నింటికన్నా ముందు, గడియారానికి అద్దంలా ఉండే కార్నియా మీద. దెబ్బ, పుండు, రసాయనం, పుట్టుకతో వచ్చిన లోపం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. లోపల శుక్లం ఆపరేషన్ ఎంత చక్కగా చేసినా ముందున్న అద్దం మీది మచ్చ మచ్చగానే ఉంటుంది.

అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందం ఉండే పొర. దాన్ని తయారు చేయడం అంత కష్టమా?

గుండె, మూత్రపిండాలతో పోలిస్తే తేలికే. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. కావలసిన ప్రాణవాయువును చాలావరకు కన్నీటి పొర ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. కృత్రిమ అవయవాల మీద పనిచేసేవారికి అన్నిచోట్లా అడ్డుపడే రక్తప్రసరణ సమస్య ఇక్కడ లేదు. అందుకే బయో ఇంజినీరింగ్ కంటి మీద ముందుగా ఆశలు పెట్టుకుంది.

చిక్కంతా పారదర్శకతతోనే. కార్నియా మందంలో దాదాపు 90 శాతం స్ట్రోమా అనే మధ్యపొర. అందులో కొల్లాజెన్ పోగులు మగ్గం మీద పడుగులా సమానమైన దూరంలో, వరస తప్పకుండా పరుచుకుని ఉంటాయి. ఆ వరస ఉన్నంతవరకే వెలుగు చెదరకుండా లోపలికి పోతుంది. మన చర్మంలో ఉన్నదీ కొల్లాజెనే, కానీ అక్కడ పోగులు చిందరవందరగా ఉంటాయి కాబట్టి చర్మంలోంచి చూడలేము. ఇక లోపలి వైపున ఒకే ఒక్క వరస కణాలు పగలూ రాత్రీ నీటిని బయటికి తోడుతుంటాయి. వాటిని ఎండోథీలియల్ కణాలంటారు. అవి చనిపోతే మనిషిలో మళ్ళీ పుట్టవు. తోడేవారు తగ్గితే కార్నియా నీరు పట్టి ఉబ్బి, ఆవిరి పట్టిన కిటికీ అద్దంలా మారుతుంది. పై పొర కథ వేరు. అది వారం పది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. తయారుచేసేవారు ఈ మూడు పొరల మూడు స్వభావాలనూ ఒక్క ముక్కలో తేవాలి. ఇప్పటికి విజయాలన్నీ ఏదో ఒక పొరకు సంబంధించినవే.

ఇంతకీ దీన్ని బయో ఇంజినీరింగ్ అని ఎందుకంటారు? మామూలు కార్నియా మార్పిడికీ దీనికీ తేడా ఏమిటి?

మామూలు మార్పిడిలో చనిపోయిన వ్యక్తి కార్నియాను ఉన్నదున్నట్టుగా తెచ్చి అమరుస్తారు. బయో ఇంజినీరింగ్‌లో కణాలనో, వాటికి ఆధారంగా నిలిచే పదార్థాన్నో, రెండింటినీ కలిపిన ముక్కనో తయారు చేసి పెడతారు.

## కన్ను దెబ్బతిన్నప్పుడు

తాంబూలం సున్నం ప్యాకెట్ పిల్లవాడి కంట్లో చిట్లింది. ఏం చేయాలి?

నీళ్ళు పోయండి. ఈ సమాధానం మిగతాది తరువాత చదవవచ్చు.

కుళాయి కింద, చెంబుతో, సీసాతో, శుభ్రమైన నీరు ఏ రూపంలో దొరికితే ఆ రూపంలో, కనీసం పావుగంట నుంచి అరగంట పాటు ఆపకుండా కన్ను కడగాలి. పిల్లవాడు రెప్పలు బిగిస్తాడు, ఏడుస్తాడు. ఒకరు పట్టుకుంటే మరొకరు రెప్పలు విడదీసి ధార పోయాలి. తల్లిపాలు, ఆముదం, నెయ్యి, పసుపు వేయకండి. కడిగిన తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి. అక్కడ పైరెప్పను తిరగేసి, దాక్కున్న సున్నపు రేణువులను తీస్తారు. రేణువు ఉన్నంతసేపూ కాలుస్తూనే ఉంటుంది.

ఆమ్లం కన్నా సున్నం వంటి క్షారం కంటికి ఎక్కువ ప్రమాదకరం. ఆమ్లం పడినచోట మాంసకృత్తులు గడ్డకట్టి కొంతవరకు అడ్డుగోడగా నిలుస్తాయి. క్షారం కణాల కొవ్వు పొరలను కరిగించుకుంటూ లోతుకు దిగిపోతుంది. పిల్లల చేతికి ఆ మెత్తటి ప్యాకెట్ దొరికితే నొక్కి చూడకుండా ఉండరు. తమలపాకుల పళ్ళెం పక్కన దాన్ని వదిలేయడం మన ఇళ్ళలో ఎంత మామూలో చెప్పనక్కరలేదు.

సున్నం పడ్డ కంటికి కార్నియా మార్చారు. ఏడాదికే మళ్ళీ తెల్లబడింది. ఆపరేషన్ సరిగా చేయలేదా?

అలాగే అనుకోనక్కరలేదు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నని అంచును లింబస్ అంటారు. కార్నియా పై పొరను నిత్యం కొత్తగా పుట్టించే మూలకణాలు అక్కడ ఉంటాయి. సున్నం ఆ అంచును కాల్చేస్తే నారుమడి పోయినట్టే. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర, దానితోపాటు రక్తనాళాలు కార్నియా మీదికి పాకుతాయి. కొత్త కార్నియా పెట్టినా నారు లేని పొలంలో కలుపు పెరిగినట్టే అవుతుంది. దానంగా వచ్చిన కార్నియా మధ్యభాగంలో ఈ మూలకణాలు ఉండవు.

అందుకే ఇలాంటి కంటికి ముందు మూలకణాలు నాటి, పై పొర కుదురుకున్నాక అవసరమైతేనే కార్నియా మారుస్తారు. "మూలకణాల లోపం ఉందా?" అని ఆపరేషన్‌కు ముందే అడగండి.

చిత్రమేమిటంటే, ప్రపంచంలో మొట్టమొదట విజయవంతమైన కార్నియా మార్పిడి జరిగింది కూడా సున్నం వల్ల చూపు పోయిన మనిషికే. 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు అలోయిస్ గ్లోగర్ అనే కూలీ రెండు కళ్ళకూ కార్నియా అతికించాడు. ఒక కంట్లో విఫలమైంది, రెండో కంట్లో నిలిచింది.

## ఇప్పటికే ఆసుపత్రిలో ఉన్న చికిత్సలు

ఒక కన్ను బాగుంది, ఒకటి కాలింది. బాగున్న కంటి నుంచి తీసి నాటుతారట. ఉన్న కన్ను కూడా పోదు కదా?

అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇదే. బాగున్న కంటి అంచు నుంచి తీసేది సుమారు 2 మిల్లీమీటర్ల చదరపు ముక్క. అనుభవమున్న చేతుల్లో ఆ గాయం త్వరగా మానుతుంది, చూపుకు ఇబ్బంది రాదు.

తరువాత జరిగేది తెలుసుకుంటే సగం భయం పోతుంది. కాలిన కంటి మీద పాకిన పొరను డాక్టరు తొలగిస్తారు. ఆ స్థానంలో ఉమ్మనీటి సంచి పొరను పరుస్తారు. సిజేరియన్ కాన్పుల్లో తల్లులు దానం చేసిన మాయ నుంచి తీసి, పరీక్షించి, శుద్ధి చేసి భద్రపరచిన పలుచని పొర అది. ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. ఆ 2 మిల్లీమీటర్ల ముక్కను పదీ పన్నెండు తునకలుగా కోసి, చూపు దారికి అడ్డం రాకుండా మధ్యభాగం వదిలి, చుట్టూ వలయంగా నాటుతారు. వాటి మీద మళ్ళీ జిగురు, పైన మెత్తటి కాంటాక్టు లెన్సు. ఆపరేషన్ ఒక్కటే, ప్రయోగశాల పని లేదు. కణాలు కంటి మీదే పెరిగి ఒకదానినొకటి కలుసుకుంటాయి.

దీనిని స్లెట్ అంటారు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు తదితరులు రూపొందించి 2012లో ప్రకటించారు. ఆ సంస్థే అంతకుముందు, 2001 నుంచి, మూలకణాలను ప్రయోగశాలలో పెంచి నాటేది. అందుకు అత్యంత శుభ్రమైన గదులు, శిక్షణ పొందిన సిబ్బంది, రెండు వారాల సమయం కావాలి, ఖర్చు సరేసరి. రోగి కన్నే ప్రయోగశాల అయితే చాలుననుకోవడంతో ఆ మెట్లన్నీ పోయాయి. 2016లో 125 కళ్ళ ఫలితాలు వెలువడ్డాయి. అందులో 60 మంది పిల్లలు. 76 శాతం కళ్ళలో పై పొర నిలకడగా నిలిచింది. నా మట్టుకు నాకు ఈ రంగంలో మెరిసే యంత్రాలన్నిటికన్నా ఈ పొదుపైన ఆలోచనే గొప్పగా తోస్తుంది.

విదేశాల్లో ఇలాంటి చికిత్స మందుగా అమ్ముతారని విన్నాం. అది ఇంతకన్నా మంచిదా?

హోలోక్లార్ అనే చికిత్స గురించి విని ఉంటారు. ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మికేలె డి లూకాల పరిశోధన నుంచి వచ్చింది. 2015లో ఐరోపా సమాఖ్య అనుమతి పొందింది. అందులోనూ రోగి సొంత మూలకణాలే, కాకపోతే ప్రయోగశాలలో పెంచి పంపుతారు. ఒక కన్ను కాలిన రోగికి దానికోసం విదేశం పరుగెత్తవలసిన అవసరం నాకు కనిపించదు.

రెండు కళ్ళూ పోయాయి. తీసుకోవడానికి సొంత మూలకణాలే లేవు. ఇక దారి లేదా?

ఉంది, కానీ ప్రతి దారికీ ఓ బరువు ఉంది. తోబుట్టువు నుంచో, తల్లిదండ్రుల నుంచో, దాత నుంచో మూలకణాలు తీసుకోవచ్చు. అవి పరాయివి కాబట్టి శరీరం తిప్పికొట్టకుండా రోగనిరోధకతను అణచే మందులు చాలాకాలం వాడాలి. సొంత నోటి లోపలి పొర కణాలను వాడే పద్ధతి మరొకటి. మందులకు ప్రతిచర్యగా వచ్చే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌తో కళ్ళు ఎండిపోయినవారిలో మూలకణాలు నాటినా నిలవడం కష్టం. అలాంటి కొందరికి ప్లాస్టిక్ కార్నియాలు పెడతారు. బోస్టన్ కెప్రో వాటిలో పేరున్నది. పెట్టాక జీవితాంతం చుక్కల మందులు, తనిఖీలు తప్పవు. గ్లకోమా (కంటి లోపలి నరం దెబ్బతినే జబ్బు), ఇన్ఫెక్షన్ ముప్పు ఎప్పుడూ ఉంటుంది.

పంటిని కంట్లో పెడతారని ఎవరో అన్నారు. వేళాకోళమా?

నిజమే. రోగి పన్నును వేరుతో, చుట్టూ ఉన్న ఎముకతో సహా తీసి, పలకగా చెక్కి, మధ్యలో రంధ్రం చేసి ప్లాస్టిక్ కటకాన్ని బిగిస్తారు. ఆ పలకను కొన్ని నెలలు రోగి శరీరంలోనే చర్మం కింద దాచి, దానికి కండ పట్టాక కంట్లో అమరుస్తారు. ఇటలీకి చెందిన స్ట్రాంపెల్లి 1960లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. చెన్నైలోని శంకర నేత్రాలయలో చేస్తారు. సొంత పన్ను కాబట్టి శరీరం దాన్ని పరాయిదని తిప్పికొట్టదు. చూడటానికి కన్ను కన్నులా ఉండదని ముందే తెలుసుకోవాలి. అయినా మరే దారీ లేనివారు దీన్ని ఎంచుకుంటారు.

## పరిశోధనలో ఉన్నవి

హైదరాబాదులో ప్రింటు తీసిన కార్నియా ఎప్పుడు దొరుకుతుంది?

తేదీ చెప్పేవారిని నమ్మకండి. ఎల్.వి.ప్రసాద్ సంస్థ, ఐఐటీ హైదరాబాద్, కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి 2022 ఆగస్టులో ప్రకటించినది ఇది: మనిషి కార్నియా నుంచి కణాలన్నీ తొలగించి, మిగిలిన పదార్థాన్ని జిగురులాంటి ముద్రణ సిరాగా మార్చారు. మనిషి కంటి నుంచి తీసిన మూలకణాలను దానిలో కలిపి, త్రీడీ ప్రింటరుతో కార్నియా ఆకారంలో ముద్రించారు. దాన్ని కుందేలు కంట్లో అమర్చారు. జంతువుల పదార్థమేదీ అందులో లేదు. మనుషుల మీద ప్రయోగాల దశ వరకు తీసుకుపోయే పనికి విజయవాడకు చెందిన శ్రీ పద్మావతీ వేంకటేశ్వర ఫౌండేషన్ ధనసహాయం ప్రకటించింది.

కుందేలు కంట్లో నిలవడం ఒక మెట్టు. మనిషి కంట్లో భద్రంగా ఉండటం, చూపునివ్వడం, ఏళ్ళ తరబడి తేటగా ఉండటం ఇంకా పై మెట్లు. అయినా సైనికుల కళ్ళకో, ప్రమాదాల్లో చిల్లుపడ్డ కళ్ళకో వెంటనే పూడ్చే ముక్కగా ముందు ఉపయోగపడుతుందన్న ఆశ పరిశోధకుల్లో ఉంది.

2025 అక్టోబరులో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో ఒక రోగికి ముద్రించిన ముక్క అమర్చారు. అది లోపలి ఎండోథీలియల్ పొర లోపానికి ఉద్దేశించినది.

పంది చర్మంతో చేసిన కార్నియాతో చూపు వచ్చిందట. మా మతానికి అభ్యంతరం కదా?

శాస్త్రం వరకు చెబుతాను. స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయం వారు పంది చర్మం నుంచి కొల్లాజెన్‌ను శుద్ధి చేసి పారదర్శకమైన పలక తయారు చేశారు. అందులో కణాలు ఉండవు. కార్నియా శంకువులా ఉబ్బి పలచబడే కెరటోకోనస్ రోగులకు సొంత కార్నియాను తీయకుండానే, చిన్న కోతతో పొరల మధ్య ఆ పలకను దూర్చారు. కుట్లు లేవు. ఇరాన్, భారత్‌లలో మొత్తం 20 మందికి చేశారు. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. వారిలో 14 మంది అంతకుముందు అంధులుగా లెక్కకు వచ్చేవారు. రెండేళ్ళ తరువాత ఆ లెక్కలో ఒక్కరూ లేరు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి.

20 మంది చిన్న సంఖ్య. ఇది కెరటోకోనస్‌కే, సున్నం కాలిన కంటికి కాదు. మతం విషయం మీ పెద్దలతో మాట్లాడుకోండి. పాల్గొన్నవారిలో ఎక్కువ మంది ఇరాన్ వారేనని మాత్రం గుర్తుచేస్తాను.

చర్మం నుంచో, రక్తం నుంచో కంటి కణాలు పుట్టిస్తారట. అదెలా?

పెరిగిన కణాన్ని వెనక్కి నడిపించి, మళ్ళీ ఏ కణంగానైనా మారగల మూలకణంగా చేయవచ్చని షిన్యా యమనకా చూపించారు. అందుకు 2012లో నోబెల్ వచ్చింది. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కోజి నిషిడా బృందం అలాంటి కణాలతో కార్నియా పై పొరను పలుచని రేకులా పెంచి, 2019 నుంచి నలుగురికి అతికించింది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్ళలో తీవ్రమైన దుష్ఫలితాలు లేవు. ముగ్గురికి మెరుగైన చూపు నిలిచింది, నాలుగో వ్యక్తికి నిలవలేదు. రెండు కళ్ళూ పోయినవారికి అసలైన ఆశ ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో కార్నియా బాగవుతుందా?

లోపలి పొర మాత్రమే దెబ్బతిన్నప్పుడు, అవును. క్యోటోలో షిగెరు కినోషిటా బృందం దాత ఎండోథీలియల్ కణాలను ప్రయోగశాలలో పెంచి కంటి ముందు గదిలోకి ఎక్కించింది. ఆ తరువాత రోగి మూడు గంటలు బోర్లా పడుకోవాలి. బరువుకు కణాలు కిందికి దిగి, అప్పుడు కింది వైపున ఉన్న కార్నియాకు అతుక్కుంటాయి. 2018లో 11 మంది ఫలితాలు ప్రకటించారు, 2023లో జపాన్ అనుమతించింది. ఒక దాత కణాలతో ఎందరికో చికిత్స చేయవచ్చు.

## ప్రయోగాల్లో చేరేముందు

స్టెమ్ సెల్స్ (మూలకణాల) ఇంజెక్షన్‌తో ఏ కంటి జబ్బైనా నయం అని ప్రకటన చూశాం. లక్షల్లో అడుగుతున్నారు. చేయించుకోవచ్చా?

వద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు వృద్ధ మహిళలు రెటీనా (కంటి వెనకభాగపు పొర) జబ్బుకు కడుపు కొవ్వు నుంచి తీసిన కణాలను ఒకే రోజు రెండు కళ్ళకూ ఎక్కించుకున్నారు. ఒక్కొక్కరు 5,000 డాలర్లు కట్టారు. ముగ్గురికీ చూపు దారుణంగా దెబ్బతిన్నది. ఆ సంగతి 2017లో వైద్య పత్రికలో వచ్చింది. డబ్బు అడగడం, రెండు కళ్ళకూ ఒకేసారి చేయడం, అన్ని జబ్బులకూ ఒకే మందు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా లేచి వచ్చేయండి.

నిజమైన ప్రయోగం అని ఎలా గుర్తుపట్టాలి?

భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉండాలి. నైతిక సంఘం అనుమతి ఉండాలి. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగులో అడగడం మీ హక్కు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని క్లినికల్ ట్రయల్స్‌పై 2019లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు మామూలు చికిత్స ఆపకూడదు. ఒక కుటుంబం తీసుకొచ్చిన పత్రంలో ఇవేవీ లేవు, డబ్బు కట్టవలసిన గడువు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది.

## నేత్రదానం

కృత్రిమ కార్నియా వచ్చేస్తోందంటున్నారు. ఇంకా దానం అవసరమా?

అవసరమే. ప్రపంచవ్యాప్తంగా వేసిన ఒక లెక్క 2016లో ప్రచురితమైంది. దాని ప్రకారం కార్నియా అవసరమైన ప్రతి 70 మందికి దొరుకుతున్నది ఒకటే. పైగా ముద్రణ సిరాకు ముడిసరుకు, ఇంజెక్షన్‌లోని కణాలు, అన్నీ దాతల నుంచి వచ్చినవే.

చక్కెర జబ్బు ఉంది, కళ్ళద్దాలు ఉన్నాయి, శుక్లం ఆపరేషన్ అయింది. అయినా ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. వయసు అడ్డు కాదు. రేబిస్, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, రక్తమంతా విషపూరితమైన సెప్సిస్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు.

ప్రాణం పోయాక ఎంతసేపటిలో చెప్పాలి?

ఆరు గంటల లోపు కార్నియాలు సేకరించాలి కాబట్టి వెంటనే ఐ బ్యాంకుకు ఫోను చేయండి. వారు వచ్చేలోపు రెప్పలు మూసి, తడి దూదిని కళ్ళ మీద పెట్టండి. ఫ్యాను ఆపండి, ఏసీ ఉంటే వేయండి. తల కింద దిండు పెట్టండి. ముందుగా ప్రతిజ్ఞ పత్రం రాయకపోయినా దగ్గరి బంధువుల సమ్మతి చాలు. పని అరగంటలోపే అయిపోతుంది, ముఖంలో తేడా కనిపించదు.

మా అమ్మ కార్నియాలు మార్పిడికి పనికిరాలేదని చెప్పారు. దానం వృథా అయిందా?

ఐ బ్యాంకులో ప్రతి కార్నియాను సూక్ష్మదర్శిని కింద పెట్టి, లోపలి పొరలో చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కణాలున్నాయో లెక్కిస్తారు. వయసు పెరిగేకొద్దీ ఆ లెక్క తగ్గుతుంది. తగ్గితే చూపు కోసం చేసే మార్పిడికి వాడరు. మీరు సమ్మతించి ఉంటే అలాంటివి శిక్షణకు, పరిశోధనకు వెళతాయి. కుందేలు కంట్లో నిలిచిన ఆ ముద్రణ సిరాకు కావలసింది కణాలు తొలగించిన మనిషి కార్నియాయే. అందులో సజీవ ఎండోథీలియల్ కణాల లెక్కతో పనిలేదు. మీ అమ్మగారి కార్నియాలు ఎటు వెళ్ళాయో ఐ బ్యాంకును అడగవచ్చు. ఎవరికి అమర్చారో పేరు చెప్పరు కానీ, మార్పిడికా, పరిశోధనకా అన్నది చెబుతారు.